మూడు పొరల చక్రం

ఇప్పలవలసలో కొయ్య గడియారాలు చేసే సోమలింగాచారిగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులెవరైనా ప్రశ్న అడిగితే ఆయన నోటితో జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాళ్ల చేతిలో ఏదో ఒక పని పెట్టేవారు. పని పూర్తయ్యేసరికి జవాబు దొరికితే దొరికినట్టు, దొరక్కపోతే పనైనా అయినట్టు. అందుచేత ఆయన పనిపాకలో ఊసుపోక ప్రశ్నలు వేసేవాళ్లు తక్కువ. "ఆయన్ని ఒక్క మాట అడిగితే నెల్లాళ్ల వెట్టి" అని శిష్యులు తమలో తాము నవ్వుకునేవారు గాని, అలా దొరికిన జవాబును మరిచిపోయినవాడు మాత్రం వాళ్లలో ఒక్కడూ లేడు.

ఆ గడియారాల్లో ఇరుసులూ, కింద వేలాడే బరువూ తప్ప ఇనుమన్నది కనపడేది కాదు. చక్రాలన్నీ కొయ్యవే. చేత్తో గీసి, రంపంతో కోసి, ప్రతి పన్నుకీ ఉలి పెట్టి తీర్చి, ఆకురాయితో నున్న చేసి అమర్చేవారు. పెద్ద చక్రం పన్ను చిన్న చక్రం పళ్ల సందులోకి దిగి, దాన్ని ఒక్క నెట్టు నెట్టి, మెల్లగా బయటికొచ్చేది చూస్తుంటే, వడ్డన తెలిసిన ఇల్లాలు పంక్తిలో నడిచినట్టుండేది. ఎవరినీ తగలదు, ఎవరినీ వదలదు. కొనడానికి వచ్చినవాళ్లు ధర అడగడం మరిచిపోయి అలాగే నిలబడిపోయేవారు.

శిష్యుల్లో నూకరత్నం అందరికంటే చెయ్యి తిరిగినది. ముప్పై దాటిన మనిషి. తండ్రి నాగళ్లు చెక్కేవాడు కనక ఉలి ఆమెకి ఉగ్గుపాలతో వచ్చింది. గురువుగారికి చూపు ఆనడం తగ్గాక, ఒకనాడు అందర్నీ పిలిచి, "ఈ దసరాకి పనిముట్ల పూజ కాగానే నా పీట మీద రత్నం కూర్చుంటుంది. ఎవరికే పని ఇవ్వాలో, ఎవరు ఉండాలో, ఎవరు అక్కర్లేదో అప్పట్నుంచి ఆమె మాటే" అని చెప్పేశారు. అందరూ సంతోషించారు. పైడయ్య మాత్రం, "కూకుంటే కూకుంటాది గాని, ఆ పీటకి ఒక కాలు కుంటిది. ముందది సూసుకోమనండి" అన్నాడు.

పైడయ్య ఆ పాకలో అందరికంటే పాత మనిషి. ఇరుసులకి సాన పట్టడం, వాటిని చక్రాల నడిమధ్య బిగించడం అతని పని. పనిలో వంక లేదు. ఉన్న వంకంతా నోట్లోనే. ఎవరేం చెప్పినా మొదటి మాట "కాదు". తెల్లారింది లెమ్మంటే, "మబ్బేసుంది గదా, ఇదేటి తెల్లారడం" అనే రకం. భార్య పోయాక ఇంట్లో కాదనడానికి ఎవరూ మిగల్లేదనీ, ఆ ఇంటి కోటా కూడా పాకకే మోసుకొస్తున్నాడనీ తోటివాళ్లు అనుకునేవారు.

ఆ ఏడు వేసవిలో రత్నానికీ అతనికీ గట్టి పేచీ పడింది. అంతవరకు చక్రాల పళ్ల కొసలు బల్లపరుపుగా ఉండేవి. వాటిని గుండ్రంగా తీరిస్తే ఒరుసుకోకుండా జారతాయని రత్నానికి తోచింది. పైడయ్య ఒప్పుకోలేదు. "గుండ్రంగా సేస్తే పట్టుండదు. పన్నన్నాక కొరకాల గాని, ముద్దెట్టుకుంటాదేటి" అన్నాడు. పాకంతా నవ్వింది. రత్నం పంతానికి పోయి రెండు రకాలూ చేసింది. రెంటినీ పక్కపక్కన పెట్టి తిప్పింది. బల్లపరుపు పళ్లు గరగరలాడాయి, గుండ్రటి పళ్లు చప్పుడు లేకుండా తిరిగాయి. ఎవరి మాట నెగ్గిందో చెవులున్న వాళ్లందరికీ తెలిసింది. పైడయ్య కొత్త చక్రం దగ్గర చెవి పెట్టి కాసేపు విని, "దీని గొంతుక పోయినట్టుంది, పాపం" అన్నాడు.

అక్కడితో పోయినా బాగుండేది. మర్నాడు పట్నం నుంచి గడియారం కొనడానికి వచ్చినవాళ్లు కొత్త చక్రాన్ని మెచ్చుకుంటుంటే, అతను ఇరుసు రుద్దుకుంటూ రుద్దుకుంటూ, "మా అమ్మాయి సేసిందే. గాని నానైతే పాతదే కొంటాను" అన్నాడు. వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆలోచించుకుని వస్తామని చెప్పి వెళ్లిపోయారు.

ఆ సాయంకాలం రత్నం గురువుగారి దగ్గరికి వెళ్లింది. ఆయన పెరటి చూరు కింద చెక్కలు తట్టి చూస్తూ, ఎండినవి ఒకవైపు, ఎండనివి ఒకవైపు వేస్తున్నారు.

"గురువుగారూ, పైడయ్య మావని పనిలోంచి తీసేస్తే తప్పవుతుందా?"

గురువుగారు చెక్క తట్టడం ఆపలేదు. "పళ్ల సంగతిలో అతనన్నది తప్పేనా?"

"తప్పేనండీ. తిప్పి చూపించాను గదా."

"కొనేవాళ్ల ముందన్నది?"

"అదింకా తప్పు."

"నాకూ అలాగే ఉంది" అన్నారు గురువుగారు.

రత్నం గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. ఇక ఆగలేదు. "ఆయన్ని మారమంటే మారడు. ఆ వయసులో ఎవరు మారతారు చెప్పండి. నాకు ఒక్కటే కోరిక గురువుగారూ. నేను ఆ పీట మీద కూర్చున్నాక ఇక్కడ అందరం ఒక్క మాట మీద ఉండాలి. పొద్దున లేస్తే ఎదురుమాట వినకుండా పని చేసుకోవాలి. ఇలా అనుకోవడం తప్పా?"

గురువుగారు ఎండిన చెక్కల్లోంచి ఒక పనస పలక తీసి, ఆమె చేతుల్లో పెట్టారు. "పాక గుమ్మంలోకి ఒక గడియారం కావాలి. దాని పెద్ద చక్రం నువ్వు చెయ్యి. ఈసారి పొరలు కూడా నువ్వే అతుకు. మిగతా సంగతి వానలు పడ్డాక చూద్దాం" అన్నారు.

పెద్ద చక్రాన్ని వాళ్లు ఒంటి చెక్కలోంచి కొయ్యరు. పలకను పల్చగా చీల్చి, మూడు పొరలు ఒకదానిమీద ఒకటి అతికి, ఆ దిమ్మలోంచి చక్రం తీస్తారు. ఆ అతికే పని గురువుగారు ఎప్పుడూ వేకువనే లేచి తానొక్కరే చేసుకునేవారు. శిష్యుల చేతికి వచ్చేది అతికి ఆరిన దిమ్మే. ఆయన పొరల్ని ఒకదానికొకటి అడ్డంగా వేస్తారని, కింది పొర నార తూర్పు పడమరలుగా ఉంటే మధ్య పొర నార ఉత్తర దక్షిణాలుగా ఉంటుందని రత్నానికి తెలుసు. పళ్లు తీసేటప్పుడు ఆ బాధ పడేది ఆమే మరి. పై పొరలో సాఫీగా దిగిన ఉలి మధ్య పొరకి వచ్చేసరికి ఎదురు తిరిగేది. ఒక్క పన్ను తీర్చడానికి మూడు సార్లు చెయ్యి వాటం మార్చుకోవాలి. ముక్కలు వృథా పోకుండా గురువుగారు ఎలా పడితే అలా సర్ది అతుకుతారు కాబోలని ఆమె ఇన్నాళ్లూ సరిపెట్టుకుంది.

ఇప్పుడా పనస పలకను చిత్రిక పట్టి చూస్తే, లోపలి రంగు కొత్త బెల్లంలా మెరిసింది. నార ఒక్క ముడి లేకుండా, దువ్విన జుట్టులా సాగిపోయింది. అలాంటి చెక్కను అడ్డదిడ్డంగా వెయ్యడానికి ఆమెకి మనసొప్పలేదు. మూడు పొరల నారా ఒకే వైపుకి వచ్చేలా, పై గీత కింది గీతలో కలిసిపోయేలా పేర్చి అతికింది. ఆరాక చూస్తే ఎక్కడ అతికిందో తనకే తెలియలేదు. ఉలి పెడితే జున్నులో దిగినట్టు దిగింది. ఎక్కడా ఎదురు లేదు. ఒక్క మాట మీద ఉండడమంటే ఇదీ, అనుకుంది రత్నం. పని చేస్తూ ఆమె కూనిరాగం తియ్యడం ఆ పాకలో అదే మొదటిసారి.

చక్రం తయారయ్యాక గురువుగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో పన్ను పన్నునీ తడుముతూ ఒక చుట్టు తిప్పారు. "ఇంత అందమైన చక్రం ఈ పాకలో ఇంతవరకు తయారవలేదు" అన్నారు. అది ఉత్తుత్తి మెప్పు కాదు. ఆయన ఎన్నడూ ఉత్తుత్తిగా మెచ్చుకోలేదు. పైడయ్య కూడా వచ్చి చూశాడు. "బాగుంది గాని, మరీ నలుగెట్టిన పెళ్లికూతురులాగుంది. నల్లకర్రయితే మురికి తెలీదు" అని గొణిగి, తన పద్ధతిలో దానికి ఇరుసు బిగించి ఇచ్చాడు. గడియారం గుమ్మంలో వేలాడింది. ఎండలున్నన్నాళ్లూ దానికి వంక పెట్టడానికి పైడయ్యకే ఏమీ దొరకలేదు.

ఈలోగా రత్నం అడిగిన ప్రశ్న పాకలో ఎవరి నోటనో పాకి అతని చెవిన పడింది. ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్లినప్పుడు, అతను సానరాయి కడుగుతూ తల ఎత్తకుండానే అడిగాడు.

"నన్ను తీసీమని అడిగీసావట గదా."

రత్నానికి అబద్ధం చెప్పడం చేతకాదు. "అడిగాను మావా."

"మంచి పనే. నీ సోట నానుంటే నన్ను ఏనాడో తీసీసుందును." కాసేపు రాయి కడిగాడు. "గాని నాకింకో పని సేతకాదు. ఈ వయసులో ఇంకోడు రానివ్వడు. అది కూడా లెక్కలో ఏసుకో." మళ్లీ కాసేపటికి, "కాదులే, ఏసుకోకు" అని లేచి వెళ్లిపోయాడు.

శ్రావణంలో కొండల మీంచి ముసురు దిగింది. ఉతికిన బట్ట ఆరదు. జాడీలో ఉప్పు నీరైపోయింది. తలుపులు గుమ్మాల్లో బిగుసుకుని, తెరవాలంటే భుజం పెట్టి తొయ్యాల్సి వచ్చింది. అలాంటి ఒక పొద్దున గుమ్మంలో గడియారం ఆగిపోయింది. రత్నం వేలితో తోస్తే కొంచెం నడిచింది, మళ్లీ ఆగింది. పళ్లు చూసింది, తుడిచింది, నూనె రాసింది. ఎంత చేసినా చక్రం కొంత తిరిగేసరికి బిగుసుకుపోతుంది. గోడల మీదున్న పాత గడియారాలన్నీ అదే ముసురులో చక్కగా నడుస్తున్నాయి. తన చక్రంలో తప్పుండడానికి వీల్లేదు, గురువుగారే మెచ్చుకున్నారు. మిగిలింది ఇరుసే.

"మావా, ఇలా రా" అని పిలిచింది. "ఇరుసు నడిమధ్య లేదు. పక్కకి బిగించావు. అందుకే ఒకవైపు పట్టేస్తోంది."

పాకలో అందరూ చేతుల్లో పని ఆపారు. ఇప్పుడు పైడయ్య ఏమంటాడో వాళ్లకి తెలుసు. కాదంటాడు. ఆపైన చెక్కనీ, నూనెనీ, వాననీ, చివరికి కాలాన్నీ కూడా తిడతాడు.

పైడయ్య గడియారం వంక చాలాసేపు చూశాడు. తన చేతివేళ్లు ఒకసారి చూసుకున్నాడు.

"అవునమ్మా. అయ్యుంటాది" అన్నాడు. "సెయ్యి ఆడటం లేదు ఈమద్ది."

తన సాన సామాను సంచిలో వేసుకుని, సంచి చంకన పెట్టుకుని, వానలోకి దిగి వెళ్లిపోయాడు. ఎవరూ ఆపలేదు. ఆపాలని కూడా ఎవరికీ తోచలేదు, అందరికీ అంత ఆశ్చర్యం.

రత్నం కోరుకున్నది అదే. పాకలో ఎదురుమాట లేదు. అతనూ తనూ ఒక్క మాట మీదికి వచ్చారు. అయినా ఆ "అవును" ఆమె చెవిలో నీళ్లు పోయినట్టు ఉండిపోయింది. అతను కాదని ఉంటే, రెండు మాటలు అనేసి, ఇరుసు ఊడదీసి బిగించి ఊరుకునేది. అవునన్నాడు కనక ఊరుకోలేకపోయింది. చక్రాన్ని కిందికి దించింది. ఇరుసు చుట్టూ చూసింది. బిగింపు వెంట్రుకంత కూడా జరగలేదు. అప్పుడు నూలు దారం ఒకటి తీసి, చక్రం మీద నార సాగిన వైపు ఈ కొస నుంచి ఆ కొసకి పట్టి కొలిచింది. అదే దారాన్ని నారకి అడ్డంగా తిప్పి పట్టింది. చక్రం అంచు దారాన్ని దాటి బయటికి వచ్చేసింది. మళ్లీ పట్టి చూసింది. అనుమానం లేదు. తన పనస చక్రం వానకి ఉబ్బి కోడిగుడ్డయింది. మూడు పొరలూ కలిసి ఒకే వైపుకి.

ఆమె వెనకే గురువుగారు వచ్చి నిలబడ్డారు. గోడ మీద నడుస్తున్న ఒక పాత గడియారాన్ని ఆపించి, దాని పెద్ద చక్రాన్ని విప్పించి, ఆమె ముందు పెట్టారు. రత్నం దారం పట్టింది. నిలువుగా ఎంతో, అడ్డంగానూ అంతే. అంచు మీద వేలు పెట్టి చూసింది. మూడు పొరలూ మూడు గీతలుగా, ఒకదాని నారకి ఒకటి అడ్డం తిరిగి కనిపించాయి. వాటిని ఆమె ఇన్నేళ్లుగా తిట్టుకుంటూ కోసింది.

"దీనికి వాన తగల్లేదా గురువుగారూ?"

"తగలకేం. ఆ పొరా సాగుదామనే చూసింది, ఈ పొరా సాగుదామనే చూసింది. ఒకదాన్నొకటి సాగనివ్వలేదు."

రత్నం చక్రాన్ని చేతిలో తిప్పుతూ కూర్చుంది. తర్వాత, కొంచెం నిష్ఠూరంగా, "ఈ మాట వేసవిలోనే చెప్తే పోయేది గదండీ" అంది.

"చెప్తే ఏమనేదానివి?"

ఆమె ఆలోచించింది. "అవునండీ అనేదాన్ని."

"అనేసి, చెప్పినట్టు అతికేసేదానివి" అన్నారు గురువుగారు. ఆ తర్వాత పైడయ్య మాట ఆయన ఎత్తలేదు. ఎత్తుతారేమోనని రత్నం కాసేపు చూసింది. ఆయన పాత చక్రాన్ని తిరిగి అమర్చే పనిలో పడ్డారు.

పైడయ్య తన ఇంటి అరుగు మీద, తడిసిన సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. సంచి మూతి కూడా విప్పలేదు. రత్నం తాటాకు గొడుగు మడిచి చూరు కింద నిలబడింది.

"మావా, తప్పు ఇరుసుది కాదు. నా చక్రానిది. వానకి సాగింది."

"ఎవులు సెప్పారు?"

"దారం పెట్టి కొలిచాను."

పైడయ్య మొహంలో అప్పుడు కొంచెం నెత్తురాడింది. "దారం కూడా వానకి సాగుతాది" అన్నాడు.

రత్నానికి నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. రెండూ ఒక్కసారే. "సాగితే రెండువైపులా సాగుతుంది గదా మావా. రా, ఇవాళే కొత్త దిమ్మ అతకాలి."

"ముసుర్లో అతికితే బంక ఆరదు."

"కుంపటి పెడదాం."

"పొగొస్తాది" అంటూనే అతను లేచాడు. సంచి భుజాన వేసుకున్నాడు. గొడుగు పట్టబోతే, అది తనకి సరిపోదని, పక్కనే తడుస్తూ నడిచాడు.

ఆ రోజు ఇద్దరూ కలిసి దిమ్మ అతికారు. కింది పొర రత్నం వేసింది. మధ్య పొర అడ్డంగా వెయ్యబోతే, మరీ అంత అడ్డం అక్కర్లేదన్నాడు పైడయ్య. ఎందుకు అక్కర్లేదని రత్నం అడిగింది. అతని దగ్గర కారణం లేదు, ఉన్నది నోరే. అతన్ని ఒప్పించడానికి ఆమె రెండు చెక్క పేళ్లు తడిపి, ఏది ఎటు ఉబ్బుతుందో చూపించాల్సి వచ్చింది. చూపిస్తుండగా, తాను వెయ్యబోయిన మూడో పొర నార కింది పొర నారతో సరిగ్గా కలవడం లేదని ఆమెకే కనపడింది. దాన్ని సరిచేసుకుంది. పైడయ్య అది కూడా ఎక్కువైందన్నాడు. బంక పూసి, మూడింటినీ కలిపి, ఆరేదాకా విడిపోకుండా పైన ఒక పెద్ద నల్లరాయి ఎత్తి పెట్టారు. రాయి మరీ బరువైనదని చెప్పి, అతను చేతులు తుడుచుకుని ఇరుసుల దగ్గరికి వెళ్లిపోయాడు. కాసేపటికి సాన చప్పుడు మొదలైంది.

గురువుగారు కర్ర పట్టుకుని వచ్చి, కుంపటి పక్కన నిలబడ్డారు. రత్నం ఆయనకి పీట వేసింది.

"గురువుగారూ, దసరా తర్వాత కూడా మావ ఇక్కడే ఉంటాడు" అంది. "కాని ఒకటి మీకు దాచకుండా చెప్పాలి. తప్పు నాదని తెలిసినా, ఆయన మాట వింటే నాకు ఒళ్లు మండడం తగ్గలేదు. ఇవాళ మధ్యాహ్నం కూడా రెండు సార్లు ఉలి విసిరికొడదామా అనిపించింది. రేపు మీ పీట మీద కూర్చున్నా ఇలాగే ఉంటుంది. అప్పుడేం చెయ్యను?"

గురువుగారు చెయ్యి చాచి, దిమ్మ మీదున్న రాయిని తడిమి చూశారు. అది కదలకుండా ఉంది.

"మండితే మండనీ" అన్నారు. "బంక ఆరకముందు మాత్రం రాయి తియ్యకు."